లోడ్ మీద కొలత

కంచరపాలెంలో మా బ్యాటరీ కొట్టుకి
తెరచాప పడవలు రావు.
ఆటోలొస్తాయి, ఇన్వర్టర్లొస్తాయి,
పెళ్లి మధ్యలో ఆగిపోయిన జనరేటర్లొస్తాయి.
అప్పలనరసయ్య గారు మాత్రం ఒట్టి చేతులతో వచ్చి
"పడవలో ఫ్రిజ్జు చల్లబడ్డం లేదు నాయనా,
రెండు కొత్త బేట్రీలు మింగేసింది" అన్నారు
ఇంటి కుక్క మీద చాడీ చెప్పినట్టు.

ఫిషింగ్ హార్బర్ చివర, మరబోట్ల వెనకాల
ఎవరికీ చెందనట్టు ఊగుతున్న సన్నటి తెల్ల పడవ.
పోర్టు టగ్గు ఇంజన్ గదిలో ముప్పయ్యేళ్లు నిలబడ్డ మనిషి
రిటైరయ్యాక గాలితో నడిచేది కొనుక్కున్నారు.
"చప్పుడు లేనిది కావాలనిపించింది" అన్నారు గట్టిగా,
వినబడనివాళ్లు మాట్లాడేంత గట్టిగా.

మూత తీస్తే వెచ్చటి పెరుగు వాసన.
చెమట పట్టిన రెండు సువర్ణరేఖలు.
కాగితంలో చుట్టిన వంజరం ముక్క,
దాని సంగతి చెప్పను.

ముందు పైకెక్కి సోలార్ పలక చూశాను.
రేవు మీంచి ఎగిరొచ్చిన ఎర్ర ఖనిజం ధూళి
గడపకి పూసినట్టు మందంగా ఉంది.
తడిగుడ్డతో తుడిచి, దొంగ దొరికాడనుకున్నాను.
దొరకలేదు.

బ్యాటరీ మీద మీటరు పెడితే పన్నెండు పాయింట్ ఏడు.
నిక్షేపంగా ఉంది.
ఫ్రిజ్జు దగ్గర పన్నెండు పాయింట్ ఆరు.
అదీ నిక్షేపమే.
ఎవరికీ ఏ రోగమూ లేదు,
పెరుగు మాత్రం పులిసింది.

అప్పుడు విన్నాను.
టిక్.
ఓ చిన్న మూలుగు.
మళ్లీ ఏమీ లేదు.
నిమిషం ఆగి, టిక్.
వెనకాల ఎర్రదీపం ఒక్కసారి రెప్పవేసి ఊరుకుంది.
శక్తి చాలట్లేదని చెప్పే భాష అది.
రోజుకి వెయ్యిసార్లు లేవబోయి
వెయ్యిసార్లు కూలబడుతోంది,
పక్క బల్ల మీదే పడుకునే మనిషికి తెలియకుండా.

మా నాన్న కొట్టులో నేర్పింది ఒక్కటే:
ఊరికే కూచున్నప్పుడు కొలిస్తే
అందరూ ఆరోగ్యంగానే ఉంటార్రా.
బరువెత్తినప్పుడు కొలువు.

మీటరు ముళ్లు ఆనించి కాచుకున్నాను
గాలం వేసి కూచున్నట్టు.
ఓ టిక్కుకి ఇటు, ఓ టిక్కుకి అటు.
బ్యాటరీ దగ్గర పన్నెండున్నర,
ఫ్రిజ్జు దగ్గర తొమ్మిది పాయింట్ ఎనిమిది.
మూడు వోల్టులకి కాస్త తక్కువ,
దారిలో ఎవరో తినేస్తున్నారు.

వైరు వెంట చెయ్యి పాకిస్తూ వెళ్లాను.
బల్ల కింద, లంగరు తాడు కింద,
ఎప్పుడో ఒలికిన డీజిల్ కింద.
ఓ చోట వేలు చురుక్కుమంది.
ఉప్పు పట్టిన లగ్గు.
లోపల రాగి చింతచిగురు రంగుకి తిరిగి
పొడి పొడిగా రాలింది.
మిగిలినవి నాలుగు పోగులు.

"బ్యాటరీది తప్పు కాదండీ" అన్నాను.
వినబడలేదు. అరిచాను.
జెట్టీ మీద చేపలు ఆరబెడుతున్న గరికిన పోలమ్మ
"బేట్రీది తప్పు కాదంట, ఇన్నావేటి!" అని అందుకుంది.
పక్క బోటువాళ్లు నవ్వారు.
ఆయనా నవ్వారు, అందరూ నవ్వుతున్నారు గనక.

కోసి, గీకి, తగరం పూత లావు వైరేసి
కొత్త లగ్గు నొక్కి, గ్రీజు రాసి
స్విచ్చి వేశాను.
టిక్.
మూలుగు.
మూలుగు ఆగలేదు. గురకయింది,
గురక సన్నబడి తుమ్మెదయింది.
ఆయన ఫ్రిజ్జు వంక చూడట్లేదు,
నా మొహం వంక చూస్తున్నారు.

తలూపాను.
ఇంజన్ మనిషి, నా తల నమ్మలేదు.
అరచెయ్యి తీసి పక్క చెక్క మీద ఆనించి
కళ్లు మూసుకుని చాలాసేపు ఉంచారు.
"బేరింగు బావుంది" అన్నారు.
ఆరోజు ఆయన మెల్లిగా అన్నమాట అదొక్కటే.

కూలి ఎంతన్నారు. వద్దన్నాను.
ఆ రెండు బ్యాటరీల మీదా ఉన్నది
మా కొట్టు స్టిక్కరే.
పోయిందండీ అని ఆయన అన్నప్పుడు
ఎలా పోయిందని నేనడగలేదు,
ధర చెప్పాను.

వారం తర్వాత కొట్టు బల్ల మీద
ఓ సువర్ణరేఖ పెట్టి, మాట్లాడకుండా నిలబడ్డారు.
కొరికాను.
పళ్లు జివ్వుమన్నాయి.